పెంటకుప్ప కాపాడిందనుకున్న బిడ్డ

ప్రజోత్పత్తి నామ సంవత్సరంలో తొలి కొడుకును, యువ నామ సంవత్సరంలో రెండో కొడుకును, ఇద్దరినీ ఏడాది నిండకముందే దగ్గుకూ జ్వరానికీ అప్పగించి, నడుమ పుట్టిన కూతురు సౌమ్య ఒక్కతే ఏ జబ్బూ లేక ఎదుగుతుండగా, స్వభాను సంవత్సరపు శ్రావణంలో మళ్లీ మగబిడ్డను కన్న బాన్సువాడ బీడీ కార్మికురాలు బాలవ్వకు ఆనందం కన్నా ముందు భయమే కలిగింది.

అత్త పోసవ్వ ఆలస్యం చేయలేదు. వరుసగా బిడ్డలు పోయిన ఇళ్లలో చేసే తంతు ప్రకారం పసికందును చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. విలువలేనిదని మృత్యువు విడిచిపెట్టాలని పెంటయ్య అని పేరు పెట్టింది. నెలలు గడిచాయి. బిడ్డ బోర్లాపడ్డాడు, నవ్వాడు. కుప్పే కాపాడిందని పోసవ్వ వాడంతా చెప్పుకుంది.

ఆరో నెల దాటాక దగ్గు మొదలైంది. అచ్చం అన్నల దగ్గే.

బాలవ్వ వాణ్ణి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయింది. రక్తపరీక్షల తరువాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రక్షక కణాలు కొన్ని తమ పైపొర మీద ఒక ప్రోటీన్‌ను నిలిపి, దాని ద్వారా తోటి కణాలకు ఆజ్ఞ అందిస్తాయట. ఆ ఆజ్ఞ అందితేనే రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు సరిగా తయారవుతాయట. ఈ బిడ్డలో ఆ ప్రోటీన్‌ను చేసే జన్యువు చెడింది. ఇన్నాళ్లూ కాపాడినవి గర్భంలో తల్లి నుంచి అందిన ప్రతిరక్షకాలు; అవి అయిపోయాయి. చెడిన జన్యువు వచ్చిందీ తల్లి నుంచే. ఆ జన్యువు వస్తే మగపిల్లలు జబ్బుపడతారు; ఆడపిల్లలు ఆరోగ్యంగా ఉంటూనే దాన్ని మోసి తమ బిడ్డలకు అందించవచ్చు. బిడ్డను చెత్తకూ పేడకూ దూరంగా ఉంచాలి, నెలనెలా ప్రతిరక్షకాలు ఎక్కించాలి.

ఇల్లు చేరేసరికి పోసవ్వ చేట కడిగి సిద్ధంగా ఉంచింది. తంతు బలం తగ్గిందని, మళ్లీ చేయాలని ఆమె పట్టు.

"గా కుప్పనే గదనే వీన్ని బతికిచ్చింది. నీ పట్నం డాక్టరమ్మ వచ్చి పురుడు పోసిందా ఏంది?" అంది.

తన తమ్ముళ్లిద్దరు పసితనంలోనే పోయిన సంగతి బాలవ్వ అత్తవారింట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే తనకు ఏ పేరు పడుతుందో ఆమెకు తెలుసు. బిడ్డను కొంగులో చుట్టుకుంది.

"అత్తా, గీ రోగం నా నుంచే వచ్చిందట. మా తమ్ముళ్లు గూడ గిట్లనే పోయిండ్రు. నన్ను ఏమన్న అనుకో, ఊరంత చెప్పుకో. వీన్ని మాత్రం కుప్ప మీద పెట్టనియ్య."

పోసవ్వ చేట పక్కన పెట్టింది. గుమ్మంలో నిలబడి వింటున్న సౌమ్య వైపు చూసింది.

"మరి గీ పిల్లకు?" అని మెల్లగా అడిగింది.

బాలవ్వ సౌమ్యను కూడా దగ్గరికి తీసుకుంది.

ఆ తల్లి ఒడిలోని పెంటయ్యకు నిండు నూరేళ్లు కలుగుగాక. సౌమ్య కడుపుపంట భయమెరుగక పండుగాక. ఆ గడపను మృత్యుంజయుడు రేయింబవళ్లు కాచుగాక.