దారిన చల్లేసిన రాగి

అప్ప పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో బొమ్మగా వచ్చింది. పైన దీపం, కింద గులాబీలు, మధ్యలో ఎవరి పెళ్ళి ఫొటోలోంచో కత్తిరించిన అప్ప ముఖం. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే చుట్టాలందరూ దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టేశారు. అప్పకు నేను ఒక్కగానొక్క చెల్లెల్ని. నాకు ఫోను చేసి నోటితో చెప్పే తీరిక ఒక్కరికీ లేకపోయింది. ఆ మంటతోనే కొత్తవలసలో రైలెక్కాను. అది ఇంకా ఆరలేదు. ఈ నాలుగు ముక్కలు రాయిస్తున్నదీ అదే, కాబట్టి మెత్తటి మాటల కోసం చూడకండి.

మా వైపు అక్కను అప్ప అంటాం. అప్పను నరసన్నపేటలో ఇత్తడి, రాగి సామాన్ల కొట్టున్న ఇంటికి ఇచ్చారు. బావ పోయాక కొట్టు తనే నడిపింది. పాత గిన్నె తెచ్చినవాళ్ళకు తూకం కట్టి కొత్తది ఇవ్వడం ఆ కొట్టు పద్ధతి. పాతదంతా గోనెసంచుల్లోకి, అక్కణ్ణుంచి కొలిమికి పోయేది. ఆ పాత సామానులో రాగి నాణేలు దొరికేవి. బిందె అడుగున గుడ్డలో ముడేసి మరిచిపోయినవి, దేవుడి పెట్టెలోవి, పొలం దున్నితే పైకొచ్చినవి. కానీలు, దమ్మిడీలు, తక్కెడ బొమ్మ ఉన్న కుంపిణీ కాలం నాటివి. అందరికీ అవి రాగి తునకలే. అప్ప మాత్రం సంచి మూతి కట్టేముందు అంతా నేలమీద గుమ్మరించి, పీట వేసుకుని కూర్చుని ఏరేది. తెచ్చిన మనిషి ఎదురుగా ఉంటే ముందు అడిగేది. "ఇది మీ అవ్వ దాసుకున్నదేమోనే. ఉంచుకోవేటి?" వద్దంటేనే తను తీసుకునేది.

అన్నీ తీసుకునేదీ కాదు, అదీ తన టెక్కు. అరిగినదాన్ని తిరిగి సంచిలో పడేసేది. నాణెం మీది రాణి బొమ్మ జుట్టులో పాయలు కనబడాలి, అక్షరాలు తడిమితే వేలికి తెలియాలి, అంచు ఎక్కడా నొక్కు పోకూడదు. ఒళ్ళంతా వక్కపొడి రంగు సమంగా పట్టి ఉండాలి. ఆ రంగును నాణెం తోలు అనేది. తోమితే తోలు ఊడిపోతుందనేది. చెంబులు ఎలా తోమాలో పొద్దస్తమానం జనానికి చెప్పే మనిషి, తన నాణేల డబ్బా దగ్గరికి మాత్రం చింతపండు చేతులతో ఎవర్నీ రానిచ్చేది కాదు. మెత్తబడ్డ నేతచీర ముక్కలు చింపి ఒక్కో బిళ్ళకు ఒక్కో పొర చుట్టేది. ముసురు పట్టిందంటే చెమ్మ లాగడానికి వేయించిన బియ్యం చిన్న మూట కట్టి డబ్బాలో పెట్టేది. కొడుకు జ్వరానికి అంత హడావిడి పడటం నేను చూడలేదు.

ఒకసారి నాకు విసుగొచ్చింది. "పాతవంటే అరిగినవే కదప్పా. కొత్తగా ఉన్నవాటినే ఏరతావేటి?" అన్నాను. అప్ప ఒక అర్ధణా తీసి నా అరచేతిలో పెట్టింది.

"అరిగిన్ది ఊరంతా తిరిగినాది. దానికి ఏ బాధా నేదు. ఇది అరగనేదు సూడు. అంటే ఎవులో దీన్ని దాసీసేరు. ఆకలేసిన్నాడు కూడా కర్సెట్టనేదు. ఎందుకోసం దాసేరో, ఆ పని అయిందో నేదో ఎవులికి తెలుసు? అలాటిదాన్ని కొలిమిలో ఎయ్యమంటావేటి?"

అప్పటినుంచీ నరసన్నపేట వెళ్ళినప్పుడల్లా ఇద్దరం ఆ డబ్బా ముందేసుకుని కూర్చునేవాళ్ళం. అప్ప మాట్లాడేది కాదు. ఒక బిళ్ళ విప్పి కిటికీ వెలుతురులో పెట్టి, నేను చాలాసేపు చూశాక గానీ చుట్టేది కాదు. గబగబా ఇచ్చేస్తే తిట్టేది. "అంత తొందరున్నదానివి ఎందుకొచ్చేవే?" అనేది. నా మొత్తం జీవితంలో నన్ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టిన మనిషి తనొక్కర్తే.

నా ఎదురుగానే కొడుక్కి చెప్పింది. "ఒరే, నేను పోతే కొట్టు నీ ఇష్టం. ఈ డబ్బా మాత్రం కరిగించకు. పిన్నికిచ్చీ. అది సూసుకుంటాది." వాడు ఫోన్లోంచి తలెత్తకుండా, "అలాగేనమ్మా" అన్నాడు.

అప్ప మీదా నాకు కోపమే. గుండెల్లో నొప్పొస్తే గ్యాసని సోడా తాగి కొట్టు తెరిచిందట. తూకం దగ్గరే ఒరిగిపోయిందట. పక్క ఊరి రాగి బిళ్ళ మీద నొక్కు కనిపెట్టే మనిషికి తన ఒంట్లో నొప్పి తెలియలేదా? తెలిసే ఉంటుంది. మొండిది.

నేను వెళ్ళేసరికి పాడె సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళం వీధి చివరిదాకా నడిచి ఆగిపోయాం. పాడె ముందు నడిచే చుట్టమొకడు పేలాలూ చిల్లరా కలిపి చల్లుతున్నాడు. మా వైపు ఆనవాయితీ అది. తారురోడ్డు మీద పడుతున్న చప్పుడు నాకు తేడాగా వినబడింది. రూపాయి బిళ్ళ ఖంగుమంటుంది. ఇది మొద్దుగా పడుతోంది. తలెత్తి చూశాను. పేలాల తెలుపులో గోధుమరంగు బిళ్ళలు. వాడి చంకలో అప్ప డబ్బా.

నేను అరిచానట. ఏం అరిచానో నాకు గుర్తులేదు. డప్పుల్లో పాడె దగ్గరివాళ్ళకి వినబడలేదు. పాడె మలుపు తిరిగిపోయింది. వెనకే వచ్చిన ట్రాక్టరు ఆ బిళ్ళల మీదుగా వెళ్ళింది. నేను రోడ్డు మీద కూలబడి ఏరడం మొదలుపెట్టాను. వీధి ఆడవాళ్ళు నా రెక్క పట్టుకు లాగారు.

"శవం మీద జల్లిన్ది మళ్ళీ ఆ ఇంటికే తేకూడదమ్మా. అయినోలు అసలు ముట్టకూడదు."

"మా అప్ప సొమ్ముకి నాకు మైలేటి?" అన్నాను. దొరికినవి కొంగులో వేసుకున్నాను. గీతలు పడినవి కొన్ని, అంచు నలిగినవి కొన్ని. కాలవలో పడినవి కాలవలోకే పోయాయి. జనం ఏరుకున్నవి ఏరుకున్నారు.

శ్మశానం నుంచి కొడుకు తడిబట్టలతో వచ్చాడు. గుమ్మంలోనే పట్టుకున్నాను.

"చిల్లర నేదు పిన్నీ," అన్నాడు. "ఈదంతా తిరిగినా ఏ కొట్లోనీ రూపాయి బిళ్ళ దొరకనేదు. అందరూ ఫోన్లోనే కొడతన్నారు. శవాన్ని లేపే టైమైపోనాది. అమ్మవే కదా, అమ్మతోపాటే పోతాయనుకున్నాను."

"కరిగించొద్దని సెప్పింది కదరా?"

"కరిగించనేదు కదా పిన్నీ."

కర్మ చేస్తున్నవాణ్ణి కొట్టకూడదంటారు. కొట్టాను. వాడు ఏడ్చాడు. తల్లి పోయినందుకో, దెబ్బకో నాకు తెలియదు, అడగలేదు కూడా. నలభై ఏళ్ళు ఒక మనిషి ఒక పని చేస్తుంటే అదెందుకని ఒక్కసారైనా అడగని ఇల్లది. అడగని వాడికి డబ్బాలో చిల్లర కాక ఇంకేం కనబడుతుంది?

పెద్దకర్మనాడు మళ్ళీ వెళ్ళాను. కొట్టు ఎదురుగా పూలమ్మే పిల్ల దగ్గర ఒక బిళ్ళ ఉందని ఎవరో చెప్పారు. తిన్నగా వెళ్ళాను, లాక్కొద్దామనే. దాని ఒళ్ళో ఆర్నెల్ల ఆడగుంట, ఎముకల పోగు. మొలతాడుకి అప్ప బిళ్ళ. తక్కెడ బొమ్మది. మేకు పెట్టి కొట్టిన చిల్లు సరిగ్గా తక్కెడ మీదే పడింది. చుట్టూ రాగి ఎర్రగా చిరిగింది.

"ఇదెవులు కొట్టేరే?"

"నేనేనమ్మా," అంది భయపడుతూ. "గుంటకి ఊపిరాడదు. పుట్టిన్దగ్గిర్నుంచీ ఆస్పత్రులే. నిండుగా బతికినోల మీద జల్లిన బిళ్ళ కడితే నిలబడతాదని మాయత్త సెప్పినాది. మీదైతే ఇచ్చెత్తాను." వెంటనే ముడి విప్పడానికి వేళ్ళు పెట్టింది.

"ముట్టుకోకు," అన్నాను. "ఆ ముడేటి అలాగేసేవు? వదులుగా ఉన్నాది. గట్టిగా కట్టు. ఎక్కడైనా జారిందంటే నీ తోలు తీసెత్తాను."

నా కోపం తగ్గిందనుకోకండి. అప్ప కొడుకుతో నేనింకా మాట్లాడటం లేదు. ఆ పిల్ల ముడి బిగించేదాకా అక్కడే నిలబడ్డాను. గుంట ఆ బిళ్ళను పిడికిట్లో పట్టుకుని నోటిదాకా లాక్కోవాలని చూస్తోంది. మొలతాడు అంత పొడుగు లేదు. అయినా వదలడం లేదు.