పెంకు కింద మట్టి

2015 ఫిబ్రవరి. కేంబ్రిడ్జ్ శివార్లలో కొత్త హౌసింగ్ ఎస్టేట్ రాబోతున్న పొలంలో తవ్వకాలు చేస్తున్నాం. ఈ దేశంలో పురాతన అవశేషాలున్న నేల మీద ఇళ్లు కట్టాలంటే, ముందు మాలాంటివాళ్లు వచ్చి వాటిని తవ్వి తీయాలి. అక్కడ ఉన్నది రోమన్ల కాలం నాటి శ్మశానం. నేను ఆస్టియాలజిస్ట్‌ని, అంటే ఎముకను చూసి వయసూ, జబ్బూ చెప్పే మనిషిని. ఒంగోలులో మా అమ్మ మాత్రం అడిగినవాళ్లందరికీ ‘మ్యూజియంలో ఉద్యోగం’ అని చెప్పేది.

ఫెన్సింగ్ అవతల కాలిబాట మీద ఒకావిడ తరచూ ఆగి చూస్తుండేది. ఓ మధ్యాహ్నం నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని దగ్గరికొచ్చింది.

“మీరు తెలుగోళ్లా అక్కా?”

పేరు సుజాత. వాళ్లది నల్గొండ. భర్తకు సైన్స్ పార్కులో ఉద్యోగం. ఇక్కడ పాత శ్మశానం తవ్వుతున్నామని చెప్పాను.

“పసిపిల్లల బొక్కలు గూడ ఉంటయా ఇండ్ల?” అని అడిగింది.

“ఉంటాయండీ.”

“దొరికితె ఏం జేస్తరు?”

“ఎముకలు శుభ్రం చేసి, నంబరు వేసి, పెట్టెలో పెట్టి స్టోర్‌లో ఉంచుతాం.”

ఆవిడ ఫెన్సింగ్ పట్టుకుంది. “అంటే యాడున్నరో తెలుస్తది” అంది.

అప్పుడు చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆరో నెల దాటాక బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. దహనం మేమే చేయిస్తామని ఆసుపత్రివాళ్లంటే మొగుడూ పెళ్లాలిద్దరూ సరేనన్నారు.

“మా దిక్కు చిన్నపిల్లల్ని కాలవెట్టరక్కా, బొంద పెడ్తరు. ఈడ అడుగుదామంటె పెద్దోళ్లెవరున్నరు? బూడిదన్న ఇయ్యుండ్రి అంటె, గంత చిన్న పాపకు బూడిద మిగలదన్నరు.”

ఆ తర్వాతి వారం మూరెడు పొడవున్న గ్రేవ్ కట్ ఒకటి బయటపడింది. ఒకప్పుడు గొయ్యి తీసిన చోట మట్టి రంగు మారి కనిపించే అంచును మేం అలా అంటాం. దాని మీద ఇంటికప్పుకు వేసే పెద్ద పెంకు ఒకటి మూతలా పెట్టి ఉంది. పసిబిడ్డ సమాధి అని చూడగానే తెలిసింది.

సుజాతకు చెప్పాను. పెంకు తీసేటప్పుడు తానూ ఉంటానంది. మనుషుల అవశేషాలను తీసేటప్పుడు బయటివాళ్లకు కనబడకుండా చుట్టూ తెరలు కట్టాలని మా లైసెన్సులో నియమం. సైట్ మేనేజర్ గ్రాహమ్‌కు ఆవిడ సంగతంతా చెప్పాను. ఆయన “హెల్మెట్ ఇచ్చి తెర లోపలికి తీసుకురా” అన్నాడు.

“ఇక్కడి నేలలో ఆమ్లం ఎక్కువండీ. పెద్దవాళ్ల ఎముకలే సరిగా మిగల్లేదు. లోపల ఏమీ లేకపోవచ్చు” అని ముందే చెప్పాను.

“ఎరికే అక్కా” అంది.

పెంకు పగలకుండా పైకొచ్చింది. దాని మీద కుక్క అడుగు ముద్ర ఒకటి స్పష్టంగా ఉంది. కాల్చక ముందు పెంకును పచ్చిగా ఆరబెట్టినప్పుడు ఏ కుక్కో తొక్కి ఉంటుంది. సుజాత దాన్ని చూసి నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

పెంకు కింద మట్టి ఉంది. చెక్కపుల్లతో, బ్రష్‌తో పొర తర్వాత పొర తీశాను. మట్టే. అడుగున గులకరాళ్లు తగిలేదాకా మట్టే.

“కుక్క అడుగు ఉన్నది గని, పాప లేదా?” అంది సుజాత.

ఇంకొక్క ఆశ ఉంది. ఆ మట్టినంతా బకెట్లలోకెత్తి, సన్నటి జల్లెడలో నీళ్లు పోసి కడుగుతాం. చిగుళ్లలో మొగ్గల్లా ఉండే పాలపళ్లు ఒక్కోసారి ఎముకలు పోయినా మిగులుతాయి. ఆ మాట చెబితే ఆవిడ తలూపి వెళ్లింది. జల్లెడ పని నేనే పెట్టుకున్నాను. చన్నీళ్లకు వేళ్లు కొంకర్లు పోయాయి. ఒక్క పంటి మొగ్గ కూడా రాలేదు.

ఫెన్సింగ్ దగ్గర నిలబడి ఆ సంగతి చెప్పాను.

“అండ్ల పాపను పెట్టనే లేదేమో?”

“పెట్టకపోతే అంత గొయ్యి తీసి పెంకు మూయరండీ.”

“మరి యాడికి పోయింది?”

“నేలలో కలిసిపోయింది.”

సుజాత నా మొహంలోకి చూసింది. “బిడ్డను కాలవెట్టనిస్తినని ఏడాది సంది ఏడుస్తున్ననక్కా. బొంద పెట్టినా గింతేనా?”

టీ తాగి వెళ్లమన్నాను. వద్దని తలూపి కాలిబాట వెంట వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వసంతం వచ్చేసరికి మా పని అయిపోయింది, పొలంలోకి కాంక్రీటు లారీలు వచ్చాయి. రిపోర్టులో ఆ సమాధికి నేను రాసింది ఒక్క వాక్యం: ‘శిశువు సమాధి, ఎముక మిగలలేదు.’

ఆ తర్వాత ఇంకా చాలా శ్మశానాలు తవ్వాను. పాతిపెట్టినది నేలలో ఉంటుందని నమ్మి ఈ చదువులోకి వచ్చాను. ఒక్కోసారి ఉండదని చదువులోనే చెప్పినా, అది సుజాత పక్కన నిలబడ్డాకే తెలిసింది. కన్నవాళ్లు ఎంత జాగ్రత్తగా కప్పినా ఉండదు. ఇది తెలియడం వల్ల పనిలో నాకు ఒరిగిందేమీ లేదు.