పెద్దమ్మ చదివిన జిల్లా పేజీ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ఖమ్మం బస్టాండులో నన్ను గుర్తుపట్టి, టికెట్లు కొట్టడం ఆపి, "మేడం, పేపర్ పెద్దమ్మ పోయింది, తెల్సా?" అన్నాడు. అప్పటికే దినాలు కూడా దగ్గర పడ్డాయట. బస్సు వెళ్లిపోయాక సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఆమె సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు ఆమెది. బడిలో నాకు ఉద్యోగం వచ్చి, నేనూ మావారూ ఆమె ఇంటి ఎదురుగా కిరాయికి దిగాం. పెద్దనాన్న, అంటే వాళ్లాయన, ఆ ఊరి రేషన్ డీలరు. మొదటి బస్సులో పేపరు రాగానే పెద్దమ్మ తడి జుట్టు ముడేసుకుని, అరుగు మీద కూర్చుని, జిల్లా పేజీ గట్టిగా చదివేది. దర్జీ, హమాలీలు, పాలు పోసి వెళ్లే ఆడవాళ్లు, వాగు అవతలి గూడెం నుంచి చింతపండు, చీపుర్లు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు ఆగి వినేవాళ్లు.

"ఢిల్లీ సంగతి ఢిల్లోళ్లు చూసుకుంటరు. మన కాడ ఏమైందో ఇనుండ్రి" అనేది. చదవడం అయ్యాక కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "సంతను బస్టాండు కాడికి మారుస్తరంట. నువ్వేమంటవ్?" అని ఒక్కొక్కరినీ అడిగేది. అక్కడ మొదలైన వాదన సాయంత్రానికి ఊరంతా తిరిగేది. పేర్లు మాత్రం దాచేది కాదు. "పేరు మింగి చదివితే అది వార్త గాదు, గుసగుస" అనేది.

ఒకరోజు టేకు దుంగలతో పట్టుబడిన ఒక గూడెం కుర్రాడి వార్త వచ్చింది. అతని పేరు, తండ్రి పేరు, గూడెం పేరు అన్నీ చదివింది. వాళ్లమ్మ సమ్మక్క అప్పుడు చింతపండు గంప దింపుకుని మెట్టు దగ్గరే కూర్చుని ఉంది. పెద్దమ్మ అలవాటు ప్రకారం దర్జీని అడిగింది, హమాలీలను అడిగింది. వాళ్లు తలా ఒక మాట అన్నారు. సమ్మక్క లేచి, గంప నెత్తిన పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది.

"ఆమె ముందర చదవకుంటే బాగుండు పెద్దమ్మా" అన్నాను.

"నేను రాసిన్నా? పేపర్ల పడ్డదే చదివిన" అంది. ఆ గొంతులో తడబాటేమీ లేదు.

ఆ మరుసటి వానాకాలం ఒక పొద్దున పేపరు విప్పి, నోరు తెరిచి, ఆగిపోయింది. "ఏందమ్మా, ఏం రాసిండ్రు?" అన్నాడు దర్జీ. లోపల పెద్దనాన్న దగ్గాడు. పేపరు మడిచి లేచిపోతుందనుకున్నాను. లేవలేదు. గూడెం కార్డులకు రావలసిన బియ్యం, కిరోసిన్ దొంగచాటుగా అమ్ముడుపోతున్నాయని వార్త. డీలరు పేరు దగ్గర ఆమె మాట తడబడింది. ఆ వాక్యం మళ్లీ మొదలుపెట్టి, భర్త పేరు ఇంటిపేరుతో సహా చదివింది.

"గిది అబద్ధం గాదు" అంది తలెత్తకుండానే. "ఎనక దర్వాజ నుంచి సంచులు పోతుంటే చూసిన. పేపరోళ్ల కంటే ముందే నాకు ఎరికే."

నేను తల దించుకున్నాను. ఆ వెనక దర్వాజా బియ్యం ఉడకని ఇల్లు మా వాడలో లేదు. మా ఇల్లూ అందులో ఒకటి.

ఊరు రెండుగా చీలి వాదించుకుంది. "మొగుణ్ణి బజార్ల నిలబెట్టింది" అన్నారు సగం మంది. మావారూ వాళ్లలోనే ఉన్నారు. "ఇన్నాళ్లు తిన్నప్పుడు తెల్వదా?" అన్నారు తక్కినవాళ్లు. మొదటి మాటకు ఆమె చలించలేదు. రెండో మాటకు మాత్రం కుంగిపోయింది. "గది నిజమే బిడ్డా. ముద్ద నోట్లె పెట్టుకుంటుంటే సిగ్గయితాంది" అంది నాతో.

విచారణకు అధికారి వస్తున్నాడని తెలిసి కులపెద్దలు ఇంటికి వచ్చారు. ఏదో పొరపాటున అన్నానని చెప్పమన్నారు. ఆమె అందరికీ మంచినీళ్లిచ్చి, "మీ ఇండ్లకు పోయిన సంచులు గూడ చూసిన. అవి గూడ చెప్పాల్నా?" అంది. వాళ్లు నీళ్లు తాగకుండానే లేచారు. అధికారి ముందు తనకు తెలిసింది చెప్పింది. పెద్దనాన్న డీలరుగిరీ పోయింది. ఆయన చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, కంచం ముందు పెడితే తిని లేచిపోయేవాడు.

వాగు తగ్గాక ఆమె గూడేనికి బయలుదేరింది. తోడు రమ్మంటే వెళ్లాను. సమ్మక్క జొన్నచేలో కలుపు తీస్తోంది.

"నీ కొడుకు పేరు చదివిన నాడు నాకేం కాలేదు సమ్మక్కా" అంది పెద్దమ్మ గట్టు మీద నిలబడి. "మా ఆయన పేరు కాడికొచ్చేసరికి నాలిక తిరగలే. నిన్ను గంత బాధపెట్టిననుకోలే."

సమ్మక్క చేతిలోని గడ్డి వేళ్లకున్న మట్టి దులిపింది. "చదివినందుకు గాదమ్మా. నువ్వేమంటవ్ అని అందర్నీ అడిగినవ్. నన్ను అడగలే."

పెద్దమ్మ గట్టు మీద కూర్చుంది. "ఇప్పుడు అడుగుతున్న. చెప్పు" అంది.

"మావోడు బండి తోలిండు, నిజమే. ఆ దుంగలు మీ ఊర్ల ఎవరి దర్వాజలకు పోతున్నయో పేపర్ల రాయలే."



ఆ తర్వాత కూడా ఆమె పేపరు చదివేది. వినేవాళ్లు తగ్గారు. మేమెవరమూ ఆమెకు తోడుగా, అవును, మేమూ ఆ బియ్యం తిన్నాం అని అనలేదు. నాకు ఖమ్మం బదిలీ అయ్యాక ఒక్కసారైనా ఆమెను చూడ్డానికి వెళ్లలేదు.

ఊరు వదిలే ముందు నేను చివరిసారి ఆమెను చూసింది కొత్త డీలరు దుకాణం దగ్గర. ఎండాకాలం. గూడెం ఆడవాళ్ల వెనక, వరుస చివర, సంచీ పట్టుకుని నిలబడి ఉంది. "పెద్దమ్మా, ముందుకు రా" అని పిలిచాడు డీలరు. "నా వంతు రానీ" అంది. గోడ పక్కన సన్నటి నీడ ఉంది. అందులో కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మీదికి ఒకరు జరిగి కాస్త చోటిచ్చారు. ఆమె వెంటనే కదల్లేదు. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, మెల్లగా వెళ్లి, వాళ్ల మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చుంది.