మిస్ లిల్లీ అసలు పేరు

నా పేరు నాగేందర్. మహబూబ్‌నగర్‌లో మైక్‌సెట్లు కిరాయికిస్తాను. నాయకుల మీటింగుల నుంచి పుట్టువెంట్రుకల ఫంక్షన్ల దాకా ఈ జిల్లాలో అందరి గొంతులూ నా డబ్బాల్లోంచే పోయాయి. అందుకే ధైర్యంగా చెప్తున్నాను, డిస్కో పాటకు ఆర్కెస్ట్రాలో పాడిన కోమలక్క లాంటి గొంతు మళ్లీ నా మైకు మీద పడలేదు. ఒప్పుకోనివాళ్లు నా దుకాణం మెట్లు ఎక్కనక్కర్లేదు.

"ఆర్కెస్ట్రావోళ్లది ఏమున్నదన్నా, బొంబాయోళ్లు పాడింది దించుడే గదా" అంటారు కొందరు. నాకు ఒళ్లు మండేది అక్కడే. బొంబాయి గాయని వెనుక పెద్ద స్టూడియో, వరసగా కూర్చున్న వాయిద్యగాళ్లు. కోమలక్క వెనుక ఒక కాంగో డ్రమ్ము, ఒక కీబోర్డు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పెళ్లిపందిరి. ఒకసారి వనపర్తిలో పాట మధ్యలో, గొంతును మార్మోగించే నా ఎకో మిషను చచ్చింది. నేను వైర్లు పీకి పెడుతూ చెమటలు కక్కుతుంటే, ఆమె మైకును నోటి దగ్గర నుంచి మెల్లగా దూరం జరుపుతూ ఒకే మాటను మళ్లీ మళ్లీ పాడి గాలిలో కలిపేసింది. పందిరంతా ఈలలు. మిషను పోయిన సంగతి పెళ్లివాళ్లకు తెలియనే తెలియదు.

"మిషిన్ పోతె పోనీ తమ్మీ, గొంతు పోలే గదా" అంది దిగి వచ్చాక.

డాన్సు చేసేది కాదు. వాళ్లమ్మ చమ్కీలు కుట్టిచ్చిన జాకెట్టు వేసుకుని, మడమ నేలకు ఆనించి పాదంతో తాళం వేసేది, అంతే. పందిట్లో కుర్చీలు మాత్రం ఖాళీ అయ్యేవి. ముసలోళ్లు కూడా లేచి ఊగేవాళ్లు.

ఆమెకు పాట నేర్పింది వాళ్ల నాయిన బెంజమిన్. చర్చిలో కీర్తనలు పాడించేవాడు, సంఘపెద్ద. ఊరవతల వాడలో పుట్టి, ఒకరి పొలంలో కూలి చేసి, నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవడానికి ఆయన పడ్డ కష్టం తక్కువది కాదు. కూతురు ఆర్కెస్ట్రాలో పాడతానంటే ఇల్లు గడవాలి కాబట్టి వద్దనలేదు. ఒక్క షరతు పెట్టాడు.

"పాడుకో బిడ్డా. గని నీ పేరు, మన ఇంటి పేరు మైకుల ఇనపడొద్దు."

అందుకని ఆర్కెస్ట్రా యజమాని లింగస్వామి ఆమెకు మిస్ లిల్లీ అని పేరు పెట్టాడు. ఆత్మకూరు నుంచి భువనగిరి దాకా గోడల మీద ఆ పేరే. ఆమె సొంత పేరు మాత్రం ఎక్కడా లేదు.

పెళ్లయి కొడుకు పుట్టాక ఆమె పాడడం మానేసింది. లింగస్వామి ఊరుకుంటాడా? రిజ్వానా అనే అమ్మాయిని తెచ్చి అదే పేరుతో నిలబెట్టాడు. అప్పటి ఆర్కెస్ట్రాల రివాజే అది, మనిషి మారినా పోస్టరు మారదు. రిజ్వానా గొంతునూ నేను తక్కువ చేయను. సన్నటి, తియ్యటి గొంతు. పై స్థాయిలో ఆమెకు ఎదురులేదు. ఇప్పుడు భువనగిరిలో మనవలను ఆడించుకుంటోంది.

చుట్టాల పెళ్లికి పోయిన కోమలక్క అక్కడ మైకులో "మీ అభిమాన మిస్ లిల్లీ" అని విని, అలవాటుగా లేవబోయిందట. స్టేజీ మీదికి రిజ్వానా వచ్చింది.

"మస్తు పాడింది తమ్మీ. చప్పట్లు గూడ కొట్టిన. ఇంటికొచ్చి ఏడ్చిన. గన్నేండ్లు పాడితె నాకంటూ మిగిలిందేంది? పేరు గూడ నాది గాకపాయె" అంది నాతో.

తర్వాత దవాఖానలో ఆయాగా చేరింది. కాన్పుల వార్డులో నొప్పులు పడేవాళ్ల నడుము రాస్తూ డిస్కో తాళంలో కూనిరాగం తీసేది. మా పాలమూరు పిల్లలు చాలామంది పుట్టగానే విన్నది డిస్కోనే అని నేను గొప్పలు పోతుంటాను. అందులో అబద్ధమేమీ లేదు.

రాష్ట్రం వచ్చిన పదో ఏట ఇక్కడి కళాసంఘం ఒకటి పాత కళాకారులకు సన్మానం పెట్టుకుంది. కార్యదర్శి దామోదర్ నా దగ్గరికి వచ్చి, మొదటి మిస్ లిల్లీని తోలుకరమ్మన్నాడు. నేను పరుగున పోయి చెప్పాను.

"వస్త. గని నా పేరుతోటి పిలిస్తెనే లేస్త" అంది కోమలక్క. ఆమె నాయిన అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చెవిన పడాలనే గట్టిగా అంది.

దామోదర్‌కు చెప్తే నవ్వాడు. "కోమల అంటె ఎవలకెర్కనే? లిల్లీ అంటెనే జనం వస్తరు. ఫ్లెక్సీ గూడ కొట్టిచ్చినం."

కొట్లాడాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ సంగతి అక్కకు చెప్పాను. "సరే. వచ్చి కూసుంట. పిలుసుడు, పిలువకపోవుడు వాళ్లిష్టం" అంది.

సన్మానం రోజు ఆటోలోంచి ఆమె వెనకాలే బెంజమిన్ తాత దిగాడు. తెల్ల చొక్కా, చేతికర్ర. కూతురు స్టేజీ మీద పాడగా ఒక్కసారీ చూడని మనిషి. "తానే వస్తనన్నడు. ఏమంటడో ఏమో" అంది అక్క మెల్లగా. నాకూ ఫికరే పట్టుకుంది.

దామోదర్ మైకు తీసుకుని "మిస్ లిల్లీ గారు వేదిక మీదికి రావాలి" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దామోదర్ స్టేజీ అంచుకు వచ్చి వంగి, "లే అక్కా, నిన్నే" అన్నాడు.

"గామె నేను గాదు. నాకు పేరున్నది" అంది.

వెనక ఎవరో నవ్వారు. దామోదర్ మొఖం మాడ్చుకుని చేతిలోని కాగితం తిప్పి తర్వాతి పేరు చూస్తున్నాడు. ఆమె అసలు పేరు నేనే అరుద్దామని లేచాను. ఈలోగా బెంజమిన్ తాత కర్ర ఊనుకుంటూ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. నా దగ్గరున్న రెండో మైకు ఇచ్చాను.

"తప్పెట్ల కోమల" అన్నాడు. ముసలి గొంతే, కానీ చర్చి నిండా మోగిన గొంతు. "నా బిడ్డ. ఇంటి పేరుతోటి పిలువుండ్రి. అప్పుడు వద్దన్నోన్ని నేనే."

అక్క వెంటనే లేవలేకపోయింది. కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది. దామోదర్ గొంతు సవరించుకుని ఇంటి పేరుతో సహా పిలిచాడు. అప్పుడు లేచింది, శాలువా కప్పించుకుంది, ఆ వెంటనే పాట ఎత్తుకుంది. వయసుకు గొంతు కాస్త బరువెక్కింది. నన్నడిగితే ఇంకా బాగుంది. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి.

ఆమె పాడినంతసేపూ బెంజమిన్ తాత నా మైకు తిరిగి ఇవ్వలేదు. పాట అయిపోగానే, ఎవరూ అడగకపోయినా, ఆ పేరు ఇంకోసారి చెప్పాడు.