ముద్ద దిగేదాకా

చదువు కోసం పరాయి దేశం వచ్చి ఆ ఇంట్లో దిగిన అమ్మాయికి ఇంటావిడ వడ్డించే తీరు మొదట్లో నవ్వు తెప్పించేది. పండైనా మాంసమైనా గోరంత ముక్కలుగా తరిగి, ఎముక ఉందేమోనని వేళ్లతో తడిమి మరీ పెట్టేది. తన కంచం ముట్టకుండా ఎదుటివాళ్ల గొంతు వైపే చూస్తూ కూర్చునేది. "నేనేమన్నా పసిపిల్లనా ఆంటీ?" అంటే, "తిను తల్లీ, తొందరేముంది" అనేది. ఆవిడ భర్త తల వంచుకుని తినేవాడు.

ఒక సాయంత్రం ఏదో చెబుతూ నవ్వబోయి అమ్మాయికి పొలమారింది. ఇంటావిడ ఒక్క అంగలో వచ్చి వీపు చరచసాగింది. దగ్గు ఆగినా ఆ చెయ్యి ఆగలేదు. భర్త లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఇక వదిలెయ్. ఈమె మన చిన్నది కాదు. ఈ పిల్లకి ఊపిరి ఆడుతోంది." ఆ ఇంట్లో ఒక చిన్నది ఉండేదని అమ్మాయికి అప్పుడే తెలిసింది. "ఏదైనా మాట్లాడమ్మా, గొంతు వినాలి" అంది ఇంటావిడ. అమ్మాయి ఆ రోజు క్లాసులో విన్న పాఠమే మొదటి నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టింది. అందులో ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, కూరలు చల్లారిపోయేదాకా ఇంటావిడ ఆమె వీపుకి అరచెయ్యి ఆనించి వింటూనే ఉంది.