భజనల చివర అన్నయ్య పాట

మొన్న గన్నవరం నుంచి ఆటోలో వస్తుంటే డ్రైవరు అయ్యప్ప భజనలు పెట్టాడు. శరణుఘోష ముగిసిందో లేదో గిటారు మోగి, మా అన్నయ్య గొంతు అందుకుంది. ఒళ్లు ఝల్లుమంది. చరణం మధ్యలో పాట ఠక్కున తెగిపోయింది. "మా అమ్మ పాత క్యాసెట్లోంచి ఫోన్లోకి ఎక్కించానండి. ఈ పాటింతేనండి, సగమే ఉంటది. అమ్మ దీనిక్కూడా దండం పెట్టుకునేది" అన్నాడతను. నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు.

తొంభైల్లో అన్నయ్యకీ వాడి స్నేహితులు ముగ్గురికీ ఒక రాక్ బ్యాండు ఉండేది. పేరు 'మూడో నంబరు హెచ్చరిక'. మాది చేపల వ్యాపారం. రేడియోలో తుఫాను కబుర్లు వినీ వినీ పెరిగినవాడికి అంతకన్నా ఏం పేరు తడుతుంది? సాధన మా గోడౌన్‌లో, ఖాళీ థర్మోకోల్ పెట్టెల మధ్య. డ్రమ్ములు వాయించేది వన్ టౌన్‌లో అత్తరు కొట్టు సాయిబుగారి అబ్బాయి. చేపల కంపు భరించలేక రోజూ అరసీసా అత్తరు పూసుకొచ్చేవాడు. ఆ రెండు వాసనలూ కలిస్తే ఎలా ఉంటుందో నన్నడక్కండి. డిగ్రీ చదువుతున్న నా పని, ప్రతి పాటా బ్రహ్మాండంగా ఉందని అబద్ధం చెప్పడం. 'ఉప్పుగాలి' అనే పాటకి మాత్రం నిజమే చెప్పాను.

మద్రాసు వెళ్లి ఆల్బమ్ రికార్డు చేసుకొచ్చారు. ఒక్కడు కొంటే ఒట్టు. "కార్తీకం వెళ్లేదాకా ఆడుకో. ఆ మర్నాడు కాటా దగ్గరికి వచ్చెయ్" అన్నాడు నాన్న. ఆయన మాటంటే మాటే. అన్నయ్య అన్నం మానేశాడు.

అప్పట్లో కావలసిన పాటల జాబితా ఇస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ షాపులుండేవి. మాకు తెలిసిన షాపాయన టేపు చివర కాస్త మిగిలినా ఖాళీగా ఇచ్చేవారు కాదు, డబ్బులిచ్చినవాళ్లకి అన్యాయమని ఆయన పట్టింపు. చేతికందిన పాటతో నింపేసేవారు. ఆ కార్తీకంలో మాలలు వేసుకున్నవాళ్లంతా భజనల కోసం ఎగబడ్డారు. ఆయన చేతికందింది మాత్రం షాపులో అమ్ముడుపోక పడి ఉన్న అన్నయ్య క్యాసెట్. టేపు ఎక్కడ అయిపోతే 'ఉప్పుగాలి' అక్కడ తెగేది.

అన్నయ్య పోట్లాటకి వెళ్లాడు. "నా పాట పీక కోసేశారు కదండీ!"

"కోస్తేనేం బాబూ, మిగతాది ఏదంటూ జనం నా పీక మీద కూర్చున్నారు. ముందు ఇంకో పెట్టెడు క్యాసెట్లు పట్రా" అన్నారాయన.

అలా మిగతా సగం కోసం ఊరంతా ఆల్బమ్ కొంది. 'ఉప్పుగాలి' వెనకే 'లాకుల దగ్గర' అనే పాట కూడా బందరు బస్సుల్లో, టిఫిన్ హోటళ్లలో మోగిపోయింది. నాన్న మాత్రం దాని ఊసే ఎత్తలేదు.

కార్తీకం వెళ్లిన మర్నాడు అన్నయ్య పాత చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చేస్తోంది. అమ్మ రోజూలాగే భజనల క్యాసెట్ పెట్టింది. చివర్లో వాడి పాట వచ్చి, తెగింది. నాన్న పేపరు దించాడు.

"తర్వాతేంటిరా?"

అన్నయ్యకి అర్థం కాలేదు.

"నెల్రోజుల్నించీ వింటన్నా. తర్వాతేంటని?"

గిటారు లేకుండా, నిలబడ్డచోటే మొదటినుంచీ పాడాడు వాడు. నాన్న కళ్లజోడు తీసి చివరిదాకా విన్నాడు. "ఇయ్యాళ కాటా నేను చూసుకుంటాలే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ వాణ్ణి రమ్మనలేదు.

నాన్న పోయి ఎన్నేళ్లయిందో అడిగితే తడుముకోకుండా చెప్పగలను గాని, ఆయన ఆ పాట విన్న నాలుగు నిమిషాలు గడిచిపోయాయంటే మాత్రం ఇప్పటికీ నమ్మలేను.