ఇంజన్‌కు సాంబ్రాణి

తిరుచానూరు రోడ్డులో నియాజ్ మెకానిక్ షెడ్డు పక్కనే నా టీ కొట్టు. కోపమొస్తే ఎదురుగా ఎవరున్నా సరే, "నీకు కారెందుకప్పా, ఎద్దుల బండి కొనుక్కో" అనేసే మనిషి నియాజ్. అట్లాంటివాడు ఆ రోజు చల్లారిన టీ గ్లాసును చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

సంగతి గిరి కారుది. గిరి యాత్రికులను కొండకు తిప్పే డ్రైవరు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు, కారు ఆయాసపడి ఆగిపోతోంది. నియాజ్ బాగుచేసి పంపితే కొన్నాళ్లు పరిగెత్తి మళ్లీ అదే వరస. ఈ బండి మనకు అచ్చిరాలేదు, అమ్మేయమని గిరి తల్లి మునిరత్నమ్మ పట్టుబట్టింది. ఆమె భర్త పోయింది నగరి రోడ్డులో, కారు ప్రమాదంలోనే. ఆమె భయాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

"రోగం తెలిసిందా?" అన్నాను.

"తెలిసింది. ఆయమ్మకు సెప్పేదానికే నోరు రావడంలే."

ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో వెంట్రుకంత వేడి తీగ ఉంటుందట. గాలి తగిలి అది ఎంత చల్లబడిందో చూసి, వచ్చిన గాలికి తగ్గ పెట్రోలు చిమ్మమని ఇంజెక్టర్లకు చెప్పేది ఈసీయూ అనే పెట్టె. తీగకు జిడ్డు పట్టిందంటే గాలి తక్కువే వచ్చిందనుకుంటుంది పాపం. పది మంది చుట్టాలొస్తే నలుగురికే వండినట్టు పెట్రోలు తగ్గించేస్తుంది.

"ఈ తూరి పైపు ఇప్పితే సాంబ్రాణి వాసనప్పా! మాయమ్మ సుభాన్‌బీ ఇంట్లో ఏసే వాసనే."

గిరిని నిలదీస్తే బయటపడింది. ప్రతి శుక్రవారం మునిరత్నమ్మ ఇంజన్ ఆన్ చేయించి, గాలి ఫిల్టరు తీయించి, లోపలిదాకా పోవాలని పైపు నోటి దగ్గరే పొగ పడుతోందట.

"చెప్పేస్తే పోలా?" అన్నాను.

కస్సుమన్నాడు. "మొగుడు పోయినాక బిడ్డకు ఆయమ్మ పెట్టుకున్న కాపలా ఆ పొగ. అదే బండిని సెరుపుతా ఉండాదని ఎట్ట సెప్పేది? అందులో నేను సాయిబును. పూజ మానమన్నాననుకోదా?"

సాయంత్రం గిరితో కలిసి ఆమే వచ్చింది. కారు తీసుకుని అట్నుంచి అటే బేరగాడి దగ్గరికి పోవాలని. నియాజ్ ఆ తీగ ఉన్న చిన్న గొట్టాన్ని విప్పి ఆమె చేతికిచ్చాడు.

"అక్కా, మాయింట్లోనూ సాంబ్రాణి ఏస్తారు. గుమ్మానికి పడతారు గానీ మనిషి ముక్కులో పెట్టరు గదా. ఇది బండికి ముక్కు."

తీగ మీది మసిని ఆమె దగ్గరగా పట్టుకుని చూసింది. "అయితే ఇన్నాళ్లూ కొండ మీద నా బిడ్డను ఆపేస్తా ఉండింది నేనేనా?" అంది.

"బండి ఆగింది గానీ బిడ్డ సల్లంగానే వచ్చినాడు గదక్కా," అన్నాడు నియాజ్, ఎప్పుడూ లేనంత మెల్లగా.

కారు అమ్మలేదు. ఆ తర్వాతి శుక్రవారం షెడ్డు ముందే ఇంజన్ ఆపించి, బానెట్ మూయించి, కారు చుట్టూ పొగ తిప్పింది. అయినా ఆమెకు తనివి తీరలేదు. ధూపం పట్టుకుని నేరుగా నియాజ్ దగ్గరికి నడిచింది.

"లోపలికి వద్దంటివి. ఆ లోపల సేతులు పెట్టేది నువ్వే గదా, నాయనా."

గ్రీజు చేతుల చుట్టూ పొగ తిప్పింది. నియాజ్‌కు దగ్గొచ్చింది, కళ్లు మండాయి. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.